ఆయుధ క్రయములు - తిరిగి రావలసిన ధనము

సంతలో ఎడ్లజతను కొనబోయిన రైతుతో బేరగాడు "ఈ జతకు నేను చెప్పిన వెల యిండు, మీ గడ్డివామిలో మూడవవంతు నేను కొనిపోయెదను" అని చెప్పినచో, అనుభవముగల రైతు వెంటనే సంతసింపడు. ఎడ్ల వెలలో గడ్డి వెలను ముందుగానే కలిపినాడా యని మొదట విచారించును. గడ్డిని ఎప్పుడు కొనును, ఏ వెలకు కొనును, కొననిచో ఏమిచ్చుకొనును అని తరువాత అడుగును. కొనబోవునది తన వామియా, పొరుగువాని వామియా యని కూడ తేల్చుకొనును. ఒక్క ఎడ్లజత విషయమున ఇంత విచారణ చేయు మనము, వేలకోట్ల రూపాయలు పోసి విదేశములనుండి యుద్ధవిమానములను, నౌకలను కొనునపుడు అమ్మువాడిచ్చు ఇట్టి మాటనే గూర్చి ఏపాటి విచారణ చేయుచున్నాము?

ఆ మాటకు వర్తకభాషలో ఆఫ్‌సెటు అని పేరు. విదేశమునుండి ఆయుధములను కొనునపుడు, పోవు ధనములో కొంతభాగమునకు సరిపడు పనిని గాని, పెట్టుబడిని గాని, సాంకేతికవిద్యను గాని కొన్న దేశమునకు తిరిగి యిచ్చెదనని అమ్మువాడు వ్రాసియిచ్చు పూచీయే ఆఫ్‌సెటు. ఇందు రెండు తెరగులు గలవు. తానమ్మిన విమానముయొక్క భాగములనే కొన్న దేశములో చేయించుట మొదటిది. ఆ ఆయుధముతో సంబంధములేని వేరొక పరిశ్రమను నెలకొల్పుటయో, వేరు సరకును కొనుటయో రెండవది.

పైకి చూచిన ఇంతకంటె న్యాయమైన బేరము లేదని తోచును. మన ధనము మనకే తిరిగివచ్చును. మన పిల్లలకు పని దొరకును. వెనుకబడిన సీమలలో కర్మాగారములు వెలయును. ఈ మాటలు చెప్పియే ప్రతి దేశమునందును ప్రభుత్వములు పెద్ద ఆయుధక్రయములకు ప్రజల సమ్మతిని పొందుచున్నవి. కాని తిరిగివచ్చునన్న ధనము నిజముగా వచ్చినదా? వచ్చినచో ఏ ఊరికి వచ్చినది? దానికి వెల యిచ్చినవారెవరు? హైదరాబాదు పరిసరములలో ఈ పద్ధతియొక్క ఫలము కొంత కంటబడుచున్నది. విశాఖపట్టణము, మచిలీపట్టణము, రాయలసీమ తమ వంతు ఎప్పుడని యెదురుచూచుచున్నవి. కావున ఈ విచారణ తెలుగువారికి పరాయిది కాదు.

నాలుగు చిన్న రాజ్యముల బేరము

ఈ పద్ధతి రెండవ ప్రపంచయుద్ధమునకు పిమ్మట పశ్చిమ ఐరోపాలో బలపడినది. అందు మిక్కిలి ప్రసిద్ధమైన బేరము 1975 నాటిది. బెల్జియము, నెదర్లాండ్సు, డెన్మార్కు, నార్వే అను నాలుగు చిన్న రాజ్యములకు క్రొత్త యుద్ధవిమానములు కావలసివచ్చెను. ఎవరికి వారు బేరమాడినచో అమ్మువాడు లెక్కచేయడని యెరిగి ఆ నలుగురును ఒక్క కూటమిగా నిలిచిరి. అమెరికావారి ఎఫ్-16 విమానములు 348 కొనుటకు నిశ్చయించిరి. దానికి వారు వ్రాయించుకొన్న షరతులు గమనింపదగినవి. తాము కొను విమానముల విలువలో నూటికి 40 పాళ్ల పని, అమెరికా వైమానికదళము తనకై కొను విమానములలో నూటికి 10 పాళ్ల పని, ఇతర దేశములకు అమ్మబోవు విమానములలో నూటికి 15 పాళ్ల పని ఐరోపా కర్మాగారములకే రావలయును. విమానములను కూర్చు పని బెల్జియములోని గోసెలీయందును, నెదర్లాండ్సులోని స్కిపోల్‌నందును జరుగవలయును.

ఈ బేరము చాలవరకు ఫలించినది. కారణములు రెండు. మొదటిది, కోరినది శాతము మాత్రమే కాదు. ఏ పని, ఏ చోట అన్నది కూడ తేటపడినది. రెండవది, పని నందుకొనుటకు చేతులు ముందే సిద్ధముగా నుండినవి. స్కిపోల్‌లో పనిచేయు ఫోకరు సంస్థ, గోసెలీలో పనిచేయు సాబ్కా సంస్థ మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన దినములనుండి విమానముల పనిలో నున్నట్టివి. గోసెలీ యున్న షార్లెరువా సీమ బొగ్గుగనులు మూతబడి చితికిపోవుచుండిన సీమ. అట్టి చోట నిపుణులకు ఈ పని యూతయైనది. అయినను ఇది శాశ్వతమైన రక్ష యని భ్రమపడరాదు. వేరు కారణములచే నష్టములలో మునిగి ఫోకరు సంస్థ 1996లో దివాలా తీసెను. పరుల ఆర్డరు పని నీయగలదు గాని, సంస్థకు ఆయుస్సు నీయజాలదు.

ఇంకొక విశేషము కలదు. ప్రపంచ వాణిజ్యసంస్థవారి ప్రభుత్వక్రయముల ఒడంబడిక సాధారణ క్రయములలో ఇట్టి షరతులను నిషేధించినది. అవి బేరమును వక్రింపజేయునని వారి వాదము. దేశరక్షణకు సంబంధించిన క్రయములకు మాత్రము వెసులుబాటు విడువబడినది. కావున ఇతర వర్తకమునందు దోషమని యెంచబడునది ఆయుధవర్తకమునందు మాత్రము ఆచారమై నిలిచినది. పైగా రక్షణరహస్యమను తెరచాటున జరుగు బేరము గనుక లెక్క యడుగువారును తక్కువ.

దక్షిణాఫ్రికాకు తగిలిన దెబ్బ

ఈ తెరచాటు ఎంత చేటు తెచ్చునో దక్షిణాఫ్రికా చరిత్ర చెప్పును. 1994లో వర్ణవివక్ష ప్రభుత్వము తొలగి ప్రజాప్రభుత్వ మేర్పడినది. ఇండ్లు, నీరు, వైద్యము, ఉద్యోగములు కోరి కోట్లకొలది ప్రజలు కాచుకొనియుండిన దినములవి. అట్టి దినములలో 1999 డిసెంబరులో ఆ ప్రభుత్వము నాలుగు యుద్ధనౌకలు, మూడు జలాంతర్గాములు, గ్రిపెన్ యుద్ధవిమానములు, హాక్ శిక్షణవిమానములు, హెలికాప్టరులు కొనుటకు సుమారు 3,000 కోట్ల ర్యాండ్ల ఒడంబడికలపై చేవ్రాలు చేసెను. పేదదేశమునకు ఇంత ఆయుధవ్యయమేల యని యడిగినవారికి ప్రభుత్వము చెప్పిన ప్రత్యుత్తరము ఆఫ్‌సెటు. 3,000 కోట్లు పోయినచో 10,400 కోట్ల ర్యాండ్ల విలువగల పెట్టుబడులు, వర్తకము తిరిగివచ్చుననియు, 65,000 ఉద్యోగములు పుట్టుననియు ప్రకటించిరి. కొన్నదానికంటె మూడురెట్లు మించి తిరిగి యిచ్చు వర్తకుడు లోకమున ఎచ్చటనైన గలడా యని యడిగినవారు కొందరున్నను, వారి మాట చెల్లలేదు.

ఆ వాగ్దానములలో ప్రాంతాభివృద్ధికి మిక్కిలి ఆశ గొలిపినది కోయెగా ఉక్కు కర్మాగారము. పోర్టు ఎలిజబెత్తు నగరమునకు సమీపమున సముద్రతీరమునందున్న ప్రదేశము కోయెగా. అది యున్న తూర్పు కేపు రాష్ట్రము ఆ దేశమునందలి బీదరాష్ట్రములలో నొకటి. జలాంతర్గాములు అమ్మిన జర్మను కూటమి అచ్చట తుప్పుపట్టని ఉక్కు చేయు గొప్ప కర్మాగారమును నెలకొల్పించునని చెప్పబడెను. ప్రభుత్వము కోయెగాను పారిశ్రామికసీమగా నిర్ణయించి, ప్రజాధనముతో బాటలు వేసి, లోతైన క్రొత్త ఓడరేవును కట్టించెను. ఓడరేవు 2009లో పనికి వచ్చెను. ఉక్కు కర్మాగారము మాత్రము రాలేదు. లోకమున ఉక్కు ధరలు బాగులేవనియు, లాభము లేదనియు చెప్పి ఆ సంకల్పమును విడిచిరి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మన్నట్లు, పునాదియైన పడని కర్మాగారముయొక్క పేరు చెప్పి జలాంతర్గాములను మాత్రము నిక్కముగా అమ్మగలిగిరి.

తప్పినవానికి శిక్ష లేదా యని పాఠకులు అడుగవచ్చును. ఉన్నది, కాని అది వెలలో నూటికి 10 పాళ్ల పూచీసొమ్ము మాత్రమే. కర్మాగారము కట్టుటకంటె పూచీసొమ్ము పోగొట్టుకొనుటయే చౌక యగునపుడు వర్తకుడు దేనిని కోరుకొనును? ఆ పదిపాళ్లను ముందే వెలలో కలుపుకొన్నవానికి ఆ భయమును లేదు.

అంతకంటె పెద్ద చేటు మరియొకటి జరిగినది. ఏ ఆయుధము మేలైనది, ఏది చౌకయైనది అను విచారణ వెనుకబడి, ఎవరు ఎక్కువ వాగ్దానము చేసిరి అనునది ముందునకు వచ్చెను. శిక్షణవిమానముల యెన్నికలో వెల మాటయే లేకుండ ఒక లెక్క వేయించి, చాల చౌకగా దొరకు ఇటలీ విమానమును త్రోసివేసి బ్రిటిషు హాక్‌ను ఎన్నుకొనిరి. వాగ్దానముల పొగలో లంచములకును చోటు దొరకినది. పార్లమెంటు రక్షణసంఘమునకు అధ్యక్షుడైన టోనీ యెంగెనీ కారు ధరలో పొందిన తగ్గింపును దాచినందుకు 2003లో శిక్షితుడయ్యెను. షాబిర్ షేక్ అను వర్తకునకు 2005లో 15 ఏండ్ల కారాగారశిక్ష పడెను. 2011లో నియమింపబడిన సెరిటీ విచారణసంఘము దోషమేమియు కనబడలేదని నివేదించినను, ఆ నివేదికను 2019లో ఉన్నతన్యాయస్థానము కొట్టివేసెను. తుదకు 2021లో మరామతు ఒడంబడిక లేకపోవుటచే గ్రిపెన్ విమానములు ఎగురక నేలనే నిలిచిపోయినవి. అప్పు మిగిలెను, విమానములు మూలబడెను, ఉక్కు కర్మాగారము మాటగానే పోయెను.

మన లెక్క

మన దేశమునందు 2005లో ఆఫ్‌సెటు నిబంధన మొదటిసారిగా రక్షణక్రయముల పద్ధతిలో చేర్చబడెను. 300 కోట్ల రూపాయలకు మించిన క్రయములలో అమ్మువాడు నూటికి 30 పాళ్ల విలువను మనదేశమున తిరిగి పెట్టవలయునని నియమము. 2012లో దీనికి మెరుగులు దిద్దిరి. చిన్న పరిశ్రమలనుండి కొన్నచో ఒకటిన్నర రెట్లును, మన రక్షణ పరిశోధనసంస్థ కోరిన విద్య నిచ్చినచో మూడు రెట్లవరకును జమ కట్టుదుమనిరి. 2016లో 300 కోట్ల హద్దును 2,000 కోట్లకు పెంచిరి. ఆ యేటనే సెప్టెంబరు 23వ తేదీన ఫ్రాన్సుతో కుదిరిన 36 రఫేలు విమానముల బేరములో ఈ భాగము నూటికి 50 పాళ్లుగా నిర్ణయింపబడెను. ఆ బేరము వెల సుమారు 59,000 కోట్ల రూపాయలు.

కాగితముమీద ఇది గొప్ప నిధియే. నిజమైన లెక్కను 2020 సెప్టెంబరులో పార్లమెంటు ముందుంచబడిన కంట్రోలరు ఆడిటరు జనరలు నివేదిక బయటపెట్టినది. 2005 మొదలు 2018 మార్చివరకు 66,427 కోట్ల రూపాయల విలువగల 46 ఆఫ్‌సెటు ఒడంబడికలు జరిగినవి. అందు 2018 డిసెంబరు నాటికి 19,223 కోట్ల మేర తీరవలసియుండెను. అమ్మకందారులు తీర్చితిమని చెప్పుకొన్నది 11,396 కోట్లు. దానిలో రక్షణశాఖ సరియని యొప్పుకొన్నది 5,457 కోట్లు మాత్రమే. అనగా నూరు రూపాయలు రావలసినచోట, ముట్టినదని ఖాతాలో నిలిచినది ఇరువదియెనిమిది రూపాయలు. మనలో ఏ కౌలురైతైన ఇట్లు కౌలు చెల్లించినచో భూస్వామి మరుసటియేడు పొలము విడిచిపెట్టునా?

వచ్చిన ఆ కొంతయు ఏ రూపమున వచ్చినది? అత్యధికభాగము సరకులను, సేవలను కొనుట. పెట్టుబడి రూపమున వచ్చునది నూటికి మూడున్నర పాళ్లు మాత్రమే యని ఆ నివేదిక చెప్పినది. విదేశీయ వర్తకుడు ఉన్నత సాంకేతికవిద్యను మన పరిశ్రమకు ఇచ్చిన నిదర్శన మొక్కటియు తణిఖీవారికి కనబడలేదు. రఫేలు బేరములో మొదట, 2015 సెప్టెంబరులో, తమ బాధ్యతలో నూటికి 30 పాళ్లు ఉన్నతవిద్య రూపమున మన పరిశోధనసంస్థకు ఇచ్చెదమని అమ్మువారు ప్రతిపాదించిరి. మన తేజస్ విమానమునకై తలపెట్టిన కావేరి ఇంజను విషయమున సాయపడుడని మనవారు కోరిరి. నివేదిక వ్రాయునాటికి దానిని గూర్చి వారు ఖాయముగా ఏమియు చెప్పలేదు. బేరము కుదురువరకు మాట, కుదిరిన తరువాత మౌనము. నోటిమాట నీటిమూట యన్న సామెత మన పల్లెలలో ఊరక పుట్టలేదు.

ఈ నివేదిక వెలువడిన దినములలోనే ప్రభుత్వము వెలువరించిన 2020 నాటి రక్షణక్రయ పద్ధతిలో, ప్రభుత్వములకును ప్రభుత్వములకును నడుమ జరుగు బేరములకు, మొదటినుండి ఒక్క అమ్మకందారుడే యున్న బేరములకు ఆఫ్‌సెటు నిబంధనను తొలగించిరి. అమ్మువారు ఈ భారమును వెలలోనే వేయుచున్నారని అధికారులు చెప్పిన కారణము. ఎడ్ల వెలలో గడ్డి వెల కలిసినదన్న సంగతి పదునైదేండ్లకు తెలిసివచ్చినదన్నమాట.

ఆదిభట్ల చెప్పు పాఠము

అయినచో ఆఫ్‌సెటు వలన మనకు దక్కినది శూన్యమా? అట్లనుటయు సత్యము కాదు. హైదరాబాదునకు దక్షిణమున ఇబ్రహీంపట్టణము పోవు దారిలో ఆదిభట్ల యను గ్రామము కలదు. ఒకప్పుడు మెట్టచేల ఊరు. నేడచ్చట హెలికాప్టరుల గదులు, సి-130 రవాణావిమానముల తోకభాగములు తయారగుచున్నవి. బోయింగు, టాటా సంస్థలు కలిసి నెలకొల్పిన కర్మాగారము 2018 మార్చి 1వ తేదీన ప్రారంభింపబడెను; అందు అపాచీ యుద్ధహెలికాప్టరుల దేహములు తయారగుచున్నవి. రఫేలు విమానముల దేహభాగములను హైదరాబాదులో చేయుటకు ఫ్రెంచి దసో సంస్థకును టాటా సంస్థకును 2025 జూనులో ఒడంబడిక జరిగెను. వీనిలో ప్రతి పనియు ఆఫ్‌సెటు ఖాతాలోనిది కాదు. చౌకగాను నాణ్యముగాను చేసిపెట్టుదురను వర్తకదృష్టితో వచ్చినదియు కలదు. కాని దేశము ఆ విమానములను కొనుచుండుటయు, కొన్నప్పుడు పని అడుగుచుండుటయు తలుపు తెరచినవనుటలో సందియము లేదు.

ఐతే ఆ తలుపు హైదరాబాదుననే ఏల తెరచుకొనెను? సమాధానము విదేశీయుని దయలో లేదు. మన గతములో నున్నది. 1960 తరువాతి దశాబ్దములలో ప్రజాధనముతో అచ్చట క్షిపణుల పరిశోధనశాల, లోహముల పరిశోధనశాల నెలకొల్పబడినవి. 1967లో ఎలక్ట్రానిక్సు కార్పొరేషను, 1970లో భారత్ డైనమిక్సు, 1973లో మిశ్రధాతు నిగమము వెలసినవి. 1968లో బాలానగరున పనిముట్ల రూపకల్పన నేర్పు కేంద్రసంస్థ యేర్పడెను. వాని చుట్టును చిన్న చిన్న యంత్రశాలలు పుట్టి, వెంట్రుకవాసి తేడా రాకుండ లోహమును చెక్కు పనివారు తయారైరి. తండ్రి లేతు మీద పనిచేసిన చోట కొడుకు కంప్యూటరుతో నడచు యంత్రమును నడపుచున్నాడు. ఐదు దశాబ్దములు దున్ని, ఎరువు వేసి, తడిపిన చేనిలో ఆఫ్‌సెటు విత్తు మొలచినది. దున్నని బీటిలో అదే విత్తు చల్లినచో పిచ్చుకల పాలగును. కోయెగాలో జరిగినది అదియే.

ఈ ఫలమునకు గల హద్దును కూడ మరువరాదు. అపాచీ దేహము ఆదిభట్లలో పుట్టి అమెరికాలోని అరిజోనాకు పోవును. అచ్చట ఇంజను, కన్నులవంటి పరికరములు, ఆయుధములు అమర్చబడును. మన సేన కొన్న అపాచీలకును ఇచ్చటనే దేహములు చేసి పంపితిమి. 2025 జూలైలో మొదటి మూడు హెలికాప్టరులు అమెరికానుండి మనకు దిగుమతియైనవి. దేహము మనది, ప్రాణము వారిది. ఇంజను విద్య, లక్ష్యమును గుర్తించు పరికరముల విద్య చేత లేనంతవరకు మనము చేయుచున్నది మంచి కూలిపనియే కాని యజమాని పని కాదు. కూలిపని హీనమని మా భావము కాదు. దానితో తృప్తిపడుటయే హీనము.

మరియొక మాట. కర్మాగారము రాబోవుచున్నదనగానే భూముల ధరలు ఆకాశమునంటును. పొలము అమ్ముకొన్న రైతు చేతిలో ఒక్కసారిగా ధనము పడును. దీనినే కొందరు ప్రాంతాభివృద్ధి యని భ్రమపడుచున్నారు. భూమి ధర పెరుగుట వేరు, ఊరు బాగుపడుట వేరు. అమ్మిన పొలము తిరిగి రాదు. ధనము రెండు పెండ్లిండ్లకును, ఒక మేడకును సరిపోవును. ఆ ఊరి పిల్లవానికి ఆ కర్మాగారమునందు నైపుణ్యముగల ఉద్యోగము దొరకినప్పుడు మాత్రమే ఊరు బాగుపడినదనవలయును. గేటువద్ద కాపలా పని ఊరివారికి, యంత్రము పని పొరుగురాష్ట్రమువారికి అయినచో అది ఊరి అభివృద్ధి కాదు, ఊరిలో జరుగుచున్న అభివృద్ధి మాత్రమే.

తక్కిన తెలుగునాడు

హైదరాబాదు దాటి చూచినచో సంగతి వేరు. మచిలీపట్టణమున 1926లోనే, పరుల పాలన దినములలో, ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ పుట్టి శాస్త్రపరికరములను తయారుచేసినది. 1983లో దానిని భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ తీసికొనగా, నేడు సైన్యమునకు కావలసిన దృక్పరికరములు అచ్చట చేయబడుచున్నవి. విశాఖపట్టణమున 1941లో సింధియా కంపెనీవారి నౌకాశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1948లో "జల ఉష" నీటిలోనికి దిగెను. ఈ రెండును విదేశీయుల ఆఫ్‌సెటు వలన పుట్టినవి కావు, స్వదేశాభిమానముతో పుట్టినవి. 2023 ఆగస్టులో అదే విశాఖ నౌకాశాలకు నౌకాదళమువారు ఐదు సహాయనౌకల నిర్మాణమునకై సుమారు 19,000 కోట్ల రూపాయల ఆర్డరు నిచ్చిరి. పదమూడేండ్లలో దేశమంతటికి ఒప్పుకొనబడిన ఆఫ్‌సెటు మొత్తముకంటె ఇది మూడురెట్లు మించినది. ఇంటి ఆర్డరునకును, పరుల వాగ్దానమునకును గల తారతమ్యమును ఈ ఒక్క పోలిక చాటుచున్నది.

2018లో కేంద్రప్రభుత్వము రెండు రక్షణ పారిశ్రామిక మార్గములను ప్రకటించి, వానిని ఉత్తరప్రదేశమునకును, తమిళనాడునకును ఇచ్చినది. రెండు తెలుగు రాష్ట్రములలో దేనికిని ఆ భాగ్యము కలుగలేదు. దీనికి వగచి కూర్చుండుట కంటె, మనకున్న బలమేమి, కొరత యేమి యని లెక్క చూచుకొనుట మేలు.

ఏమి కోరవలయును?

మొదటిది. శాతమును కాదు, పనిని అడుగవలయును. నూటికి 30 పాళ్లు అను మాట ఎచ్చటికైన సాగును; ఫలానా భాగము, ఫలానా చోట, ఫలానా యేటికి అను మాట సాగదు. 2025 ఏప్రిలు 28వ తేదీన ఫ్రాన్సుతో కుదిరిన 26 నౌకాదళ రఫేలుల బేరములో విమాన దేహభాగముల తయారీ, ఇంజనుల మరామతు మనదేశమున జరుగవలెనని పనులను పేర్కొనిరి. ఈ దారి మంచిది. దీనిని ఇంజను విద్యవరకు సాగింపవలయును.

రెండవది. ఆఫ్‌సెటుతో వెల యెంత, అది లేకుండ వెల యెంత అని రెండు టెండరులు వేరువేరుగా అడుగవలయును. అప్పుడు గాని మనము పొందుచున్నది కానుకయో, మన సొమ్మే మనకు తిప్పియిచ్చుటయో తెలియదు. తేడా పెద్దదైనచో ఆ సొమ్మును మన చేతులతోనే మన సీమలలో ఖర్చుపెట్టుకొనవచ్చును.

మూడవది. లెక్క ప్రజలకు ప్రతివత్సరము తెలియవలయును. అమ్ముచున్న అమెరికాలోనే, ఇట్టి పూచీలను గూర్చి అచ్చటి వర్తకులు తమ ప్రభుత్వమునకు తెలుపవలెనను నియమము గలదు; ఆ ప్రభుత్వము తమ కాంగ్రెసునకు నివేదిక సమర్పించుచున్నది. అమ్మువాడు లెక్క చూచుకొనుచుండగా కొన్నవాడు చూచుకొనకపోవుట వింత. సేన యొక్క రహస్యములు రహస్యములుగనే యుండనిండు. ఏ వర్తకుడు ఏ జిల్లాలో ఎంత పెట్టవలెను, ఎంత పెట్టెను అనునది రహస్యము కాదు.

నాలుగవది. ఆయుధము నెన్నుకొనునపుడు సేన యవసరమే ముందు, కర్మాగారముల ఆశ తరువాత. సరిహద్దున నిలుచు జవానునకు చేతకాని ఆయుధమిచ్చి, ఏదో ఒక జిల్లాకు ఉద్యోగములు తెచ్చితిమనుట ధర్మము కాదు.

ఐదవది మనచేతిలోనిది. రెండు తెలుగు ప్రభుత్వములును భూములు, విద్యుత్తు, నీరు, పన్నుల మినహాయింపులు ఇచ్చుటలో ఒకదానితో నొకటి పోటీపడుచున్నవి. ఆ పోటీలో లాభపడునది మూడవవాడు. 1975లో నాలుగు పరాయి రాజ్యములు ఏకమై బేరమాడగలిగినపుడు, ఒక్క భాష మాట్లాడు రెండు రాష్ట్రములు కలిసి అడుగలేవా? హైదరాబాదు పనితనము, విశాఖ రేవు, రాయలసీమ విశాలభూములు ఒక్క దస్తావేజులో చేరినచో అమ్మువాడు కాదనజాలడు. ఇచ్చు ప్రతి యెకరమునకు బదులుగా స్థానిక యువకులకు శిక్షణ, చిన్న యంత్రశాలలకు పని అని వ్రాయించుకొనవలయును. కర్నూలు, అనంతపురము, పాలమూరు, శ్రీకాకుళములయందు పనిముట్ల శిక్షణశాలలు నేడు పెట్టినచో వాని ఫలము పదునైదేండ్లకు గాని కనబడదు. ఓట్లు లెక్కించువారికి అది దీర్ఘకాలము. కాని బాలానగరు విత్తనము మొలచుటకు పట్టినది అంతకంటె ఎక్కువ కాలము.

భూస్వాములును, పట్టణవాసులును ఈ విషయము ఢిల్లీ పెద్దలదని విడిచిపెట్టరాదు. విమానమునకు పోవు ప్రతి రూపాయియు మన పన్నులనుండియే పోవుచున్నది. మన శాసనసభ్యుడు ఊరికి వచ్చి "మీ జిల్లాకు విదేశీ కర్మాగారము తెచ్చుచున్నాను" అని చెప్పినపుడు దండలు వేయుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేయుడు. ఏ పని? ఏనాటికి? ఎవరి పిల్లలకు? రాకపోయినచో ఎవరు పూచీ? సంతలో ఎడ్లను కొనువాడు అడుగు ప్రశ్నలే ఇవి. వానిని అడుగనేర్చిన సీమకే తిరిగి రావలసిన ధనము తిరిగి వచ్చును.